ఒన్ టీ, పంచదార తక్కువ

ఆ రోజులు మంచివని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ రోజులో చెప్పాలి కదా. సికింద్రాబాదులో ఖాళీగా ఉన్న ప్రతి గోడకీ కంప్యూటర్ కోర్సు పోస్టరు అంటించిన రోజులు. మా చర్చిలో ప్రార్థన అంశాల్లో జబ్బుల తర్వాతి స్థానం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలదే అయిన రోజులు. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు అబ్బాయి ఏం చదివాడని కాక సాఫ్ట్‌వేర్‌లో ఏ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడని అడిగిన రోజులు (ఆ మాట మొదటిసారి విన్న మా అమ్మ, "స్టేషన్ల ఎందుకుంటడమ్మా, ఇంట్లనే ఉన్నడు" అంది). మా బావ పోయి పదకొండు నెలలైంది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి పెట్టమని మా అక్క అడిగింది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ముందు కోపమే వస్తోంది. అందుకని కోపంతోనే మొదలుపెడతాను. మంచి మాటలు వస్తే వస్తాయి.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బోయిగూడలో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఉద్యోగం అంటే ఇంకా పూర్తి ఉద్యోగం కాదు, ఏడాది ప్రొబేషన్. అది దాటితే పర్మనెంట్, లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. మా అమ్మ ఆదివారం బడి పిల్లలతో సహా అందరిచేతా నా పర్మనెంట్ గురించి ప్రార్థన చేయించేది. బస్టాపులో ముక్కూ మొహం తెలియని పిల్లలు వచ్చి "అన్నా, మీది అయిందా?" అని అడిగేవారు. అది కాకపోతే బోయిగూడలో తలెత్తుకుని తిరగడం కష్టమని నాకు బాగా తెలుసు.

మా టీమ్ లీడరును మేం ఎఫ్.వై.ఐ. గారు అనేవాళ్ళం. 'మీ సమాచారం కోసం' అనే ఆ మూడక్షరాలు పెట్టకుండా ఆయన ఒక్క మెయిలూ పంపేవాడు కాదు, చివరికి మాటల్లో కూడా పెట్టేవాడు. నాతోపాటు చేరిన ఇంకొకడికి 'సరే సార్' అని పేరు. ఎందుకో చెప్పనక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు ఒకటి సరే సార్‌కి వెళ్ళింది. నాకు ఉద్యోగం మానేసిన ఎవరో పెద్దమనిషి వాడిన పాతది వచ్చింది. దాని మూత మీద ఆయన కూతురు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు గీకినా పోలేదు. దానిమీదే నేను ఒక ప్రోగ్రాం రాశాను. విదేశంలో ఒక గ్రంథాలయం జాబితాలో ఒకే పుస్తకం రెండుసార్లు నమోదై ఉంటే పట్టుకోవాలి. నాకు ఇష్టమైన పని. పుస్తకాల పేర్లు చదువుకుంటూ చేశాను కాబట్టి బాగానే చేశాను. కానీ అది పూర్తి కావడానికి పన్నెండు నిమిషాలు పట్టేది.

"చూడండి, సోమవారం క్లయింట్ కాల్‌లో మనకు దొరికేది పది నిమిషాలు," అన్నాడు ఎఫ్.వై.ఐ. గారు. "పన్నెండు నిమిషాలు ఎవరు కూర్చుంటారు? ఏదో ఒకటి చేసి తగ్గించండి. ఎఫ్.వై.ఐ., మీ కన్ఫర్మేషన్ కూడా సోమవారమే డిసైడ్ చేస్తున్నాం."

కొత్త మిషన్ ఇస్తే తగ్గుతుందన్నాను. "మిషన్‌ని అనకండి," అన్నాడు. పక్కన సరే సార్, తనను ఎవరూ అడగకపోయినా, "సరే సార్" అన్నాడు.

ఆ సాయంత్రం మల్కాజ్‌గిరిలో అక్క ఇంటికి వెళ్ళి కక్కవలసినదంతా కక్కాను. బావ విన్నాడు. ఆయన విజయనగరం దగ్గరివాడు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ లాబ్ చూసుకునేవాడు. ఇంట్లో మిక్సీ బాగున్నా విప్పి చూసే రకం. నా ల్యాప్‌టాప్ అందుకుని, ఆన్ చేస్తూనే ఒక బటన్ నొక్కాడు. సెట్టింగుల నీలం తెర వచ్చింది. అందులో తేదీ, టైము, పాస్‌వర్డు, ఇంకో రెండు వరుసలు. అంతే.

"ఇదేటిరా బామ్మర్దీ, ఇంత పెద్ద ఇంట్లో వరండా ఒకటే సూపిస్తన్నాడు. గదులన్నిటికీ తాళాలేసి అమ్మాడు."

విషయం ఏమిటంటే, ఆ యంత్రంలోని మెమరీ ఇంకా వేగంగా నడవగలదు. ఆ వేగం మార్చే పేజీ లోపల ఉంది. కానీ కొన్నవాడికి కనిపించకుండా తయారుచేసినవాళ్ళు దాచేశారు. అది విన్నాక నాకు వచ్చిన కోపం ఇప్పటికీ సమంజసమైనదేనని నా అభిప్రాయం. మనిషి చేతిలో వస్తువు పెట్టి, దానిలో సగం నీది కాదు అనడానికి వీళ్ళెవరు? (ఆ వస్తువు నాది కాదని, కంపెనీదని, అందులో వేలు పెట్టనని సంతకం కూడా చేశానని ఆ కోపంలో గుర్తు రాలేదు.) బావ ఇంటర్నెట్‌లో ఎవరో తిప్పలు పడి తయారుచేసిన మార్పు సాఫ్ట్‌వేర్ వెతికి, పెన్‌డ్రైవ్‌లో వేసి, గురువారం సాయంత్రం ఎక్కించాడు. ల్యాప్‌టాప్ ఒకసారి ఆరిపోయి వెలిగింది. నీలం తెరమీద పేజీలకు పేజీలు బయటపడ్డాయి. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "గివన్నీ ఇందులనే ఉండెనా!" అంది.

"ఇప్పుడేం ముట్టుకోకు," అన్నాడు బావ. "రెండ్రోజులు ఇలాగే నడవనీ. ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. అప్పుడు నెమ్మదిగా మార్చుకుందాం. నేనొచ్చేదాకా ఆ పేజీ తెరిస్తే నీ సెయ్యి ఇరగ్గొడతాను."

శనివారం మధ్యాహ్నానికే నేను ఆ పేజీ తెరిచాను. ఆదివారం ఆయన వచ్చేసరికి రెండవుతుంది, ఏదైనా తేడా వస్తే సోమవారంలోగా సమయం ఉండదు, అందుకే అని తర్వాత అందరికీ చెప్పాను. అసలు కారణం అది కాదు. ముందురోజు సాయంత్రం సరే సార్ తన కొత్త ల్యాప్‌టాప్ మీద నా ప్రోగ్రాం నడిపి, తొమ్మిది నిమిషాల్లో అయిందని నాకు మెయిల్ పెట్టాడు. దాని మీద ఎఫ్.వై.ఐ. అని రాసి ఉంది. ఆ మూడక్షరాలు వాడికి కూడా అంటుకున్నాయని చూశాక నేనిక ఆగలేకపోయాను.

బావకు ఫోన్ చేశాను. ఆయన పాలిటెక్నిక్ నుంచి వస్తూ స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాడు. వెనక గిన్నెల చప్పుడు, బస్సు హారన్లు.

"బావా, పేజీ తెరిచిన. అంకెలు చెప్పు, పెట్టేస్త."

"ఒద్దన్నాను కదరా?"

"తెరిచిన గద! ఇగ చెప్పు."

ఆయన తిట్టాడు. కాసేపు తిట్టాడు. తర్వాత, మనసు ఆగక, చెప్పడం మొదలుపెట్టాడు. యంత్రం విప్పి చూడవద్దని ఎవరికైనా గట్టిగా చెప్పగల మనిషి కాడు ఆయన. వేగం పదహారు వందలు. పెట్టాను. దాని కింద నాలుగు అంకెలు. తొమ్మిది, పెట్టాను. తొమ్మిది, పెట్టాను. ఇంకో తొమ్మిది. ఇరవై నాలుగు. చివరి వరుస కమాండ్ రేట్. మెమరీకి ఒక ఆజ్ఞ ఇచ్చాక అది సర్దుకోవడానికి ఒక్క క్షణం ఆగాలా, రెండు క్షణాలు ఆగాలా అన్నది అక్కడ తేల్చాలి. ఒకటైతే తెరమీద 1T, రెండైతే 2T. పలకడం ఒన్ టీ, టూ టీ. టూ టీ నిదానం, కానీ క్షేమం. ఒన్ టీ వేగం, కానీ పాత యంత్రాలు తట్టుకోలేవు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

"కమాండ్ రేట్ ఎంత బావా?"

"ఒన్ టీ."

"ఒన్ టీ?"

"ఆఁ, ఒన్ టీ. పంచదార తక్కువ."

మా బావ సికింద్రాబాదు వచ్చి అప్పటికి ఏడేళ్ళు. ఈ ఊళ్ళో ఇరానీ హోటల్లో కూర్చున్న మనిషి 'ఏక్ చాయ్' అంటాడు. హిందూ, ముస్లిం, క్రైస్తవుడు, పోలీసు, దొంగ, అందరూ అదే అంటారు. మా బావ ఒక్కడు మాత్రం టీ అనేవాడు, అదీ వెయిటరుకు అర్థం కావాలని ఇంగ్లీషు అంకె తగిలించి. మూడు బల్లల అవతల ఉన్న వెయిటరు అప్పుడే ఆయన వైపు తిరిగాడు.

ఇప్పుడొక మాట చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. 'పంచదార తక్కువ' అన్నది నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. కంప్యూటర్ మెమరీలో పంచదార ఉండదని నాకు తెలుసు. కానీ వేలు అప్పటికే సేవ్ బటన్ మీద ఉంది, సరే సార్ మొహం కళ్ళముందు ఉంది, పైగా ఒన్ టీ అంటే ఎక్కువ వేగంలా వినిపించింది. నాకు కావలసిన మాట వినబడ్డాక దాని తర్వాతి మాట నాకు అవసరం లేదు. నొక్కాను.

తెర నల్లబడింది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. ఒక్క అక్షరం లేదు. ఆపి మళ్ళీ వెలిగించాను. నలుపు. బాటరీ తీసి పెట్టాను. నలుపు. ఫోన్లో బావ "ఆఁ, ఇప్పుడు కమాండ్ రేట్ టూ టీ పెట్టు, అది జాగ్రత్తగా సూసుకో" అంటున్నాడు.

గంటలో ఆయన ఆటోలో మా ఇంటికి వచ్చాడు, స్క్రూడ్రైవర్లతో, వెనకాల అక్కతో. మా అమ్మ డైనింగ్ టేబుల్ మీద బైబిలు, కళ్ళజోడు పక్కకి జరిపి పాత దుప్పటి పరిచింది. బావ పద్నాలుగు స్క్రూలు తీశాడు. నాణెంలాంటి చిన్న బాటరీ తీసి అరగంట పక్కన పెట్టాడు, అలా చేస్తే యంత్రం పాత సంగతులు మర్చిపోతుందని. అది మర్చిపోలేదు. తన ల్యాప్‌టాప్‌లోని మెమరీ ఊడదీసి దీనికి పెట్టాడు. నలుపే. నేను పక్కన నిలబడి, ప్రతి స్క్రూకీ ఒకసారి, "ఒన్ టీ అన్నవ్" అంటున్నాను.

"నీతో అన్లేదురా. ఎయిటరుతో అన్నాను."

"ఫోన్ల నాతోటి మాట్లాడుకుంట వెయిటర్‌తోటి ఎందుకంటవ్? చేత్తోటి ఫోన్ మూయరాదా?"

"నువ్వు అడిగింది కమాండ్ రేటు. నేను కమాండే ఇచ్చాను," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. కోపంతో వచ్చినవి.

అక్క నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. ఆమె కోపం ఇంకో దారిలో ఉంది. "ఏడేండ్లాయె ఈ ఊరికొచ్చి! చాయ్ అనొచ్చు గద? చాయ్ అంటే నోరు కాలుతదా? చాయ్ అనుంటే ఇయ్యాల ఈ తక్లీఫ్ ఉండెనా?"

"సాయ్ అంటే నాకు టీ తాగినట్టుండదే," అన్నాడు బావ, తల ఎత్తకుండా.

"సాయ్ కాదు, చాయ్!"

"సూశావా, అందుకే అనను."

మా అమ్మ దుప్పటి మీది స్క్రూలు లెక్కపెడుతూ, "ఒకడు అన్నడు, ఒకడు విన్నడు. ముందుగాల ఒక్కటి చెప్పుండ్రి, సోమవారం ఏమైతది?" అంది. ఆ ఇంట్లో అర్థమున్న ప్రశ్న అదొక్కటే.

సోమవారం ఏమైందో చెబుతాను. ఆదివారం బావ ప్రసంగం మధ్యలోనే లేచి, అల్వాల్‌లో తనకు తెలిసిన రిపేరు మనిషి ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాడు, నేనూ వెనకే. ఆ మనిషి దాని కడుపు చూసి, "ఏం జేసిండ్రు సార్ దీన్ని? చిప్ ఊడదీసి మళ్ళ రాయాలె. బుధవారం రాండ్రి. అసలేమాయె?" అన్నాడు. "దీనికి టీ పడలేదు," అన్నాడు మా బావ. ఇద్దరూ నవ్వారు. నేను రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. సోమవారం ఉదయం ఆఫీసులో ల్యాప్‌టాప్ దానంతట అదే ఆగిపోయిందని అబద్ధం చెప్పాను. "పర్వాలేదు," అన్నాడు ఎఫ్.వై.ఐ. గారు, "ప్రోగ్రాం సర్వర్ మీద ఉంది కదా." నా ప్రోగ్రాం సరే సార్ కొత్త ల్యాప్‌టాప్ మీద తొమ్మిది నిమిషాల్లో నడిచింది. విదేశంవాళ్ళు సరే సార్‌ని మెచ్చుకున్నారు. సరే సార్ ఏమన్నాడో ఊహించుకోవచ్చు. గురువారం నాకు కాగితం వచ్చింది. పనిముట్ల పట్ల బాధ్యత ఇంకా అలవడవలసి ఉంది కాబట్టి ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగిస్తున్నారట. (చాలా ఏళ్ళ తర్వాత తీరిగ్గా లెక్క వేసి చూశాను. అన్నీ సరిగ్గా జరిగి, టూ టీ పెట్టుకుని, మెమరీ ఆ వేగంతో నడిచి ఉన్నా నా పన్నెండు నిమిషాల్లో తగ్గేది పాతిక సెకన్లు. సరే సార్ మిషన్ మెమరీ వల్ల గెలవలేదు, దాని ప్రాసెసర్ వేరు.)

ఆ కాగితం జేబులో పెట్టుకుని స్టేషన్ బయటినుంచి బావకు ఫోన్ చేశాను. తిడదామనే చేశాను. కానీ మా ఇంట్లో పెద్దవాళ్ళను తిట్టే అలవాటు లేదు. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"బావగారూ, మీ దయవల్ల నాకు ఆరు నెలలు పొడిగించారండీ."

అవతల స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "మీరేటిరా?" అన్నాడు.

"అంతేనండీ. ఉంటానండీ."

అక్క పెళ్ళయిన కొత్తలో నేను మీరు అనబోతే ఆయనే ఆపాడు. "మీరనకురా, నన్ను కోర్టులో నిలబెట్టినట్టుంటాది" అన్నాడు. అది గుర్తుంచుకునే అన్నాను. నిలబడమనే అన్నాను. ఆ తర్వాత ప్రతి మాటకూ మీరే. మీరు తిన్నారా, మీరు కూర్చోండి, మీకెందుకండీ శ్రమ. మొదటి నెల ఆయన నవ్వాడు. రెండో నెల "సాల్లేరా, ఇంక మానీ" అన్నాడు. మూడో నెల ఏమీ అనలేదు. మా ఇంటికి వచ్చిన చుట్టాలకు అది కోపమని తెలియదు. వాళ్ళ పిల్లలకు నన్ను చూపించి నేర్చుకోమనేవారు. అది విని నాకు లోపల ఇంకా సంతోషంగా ఉండేది. ఇంత కోపం ఇంత బహిరంగంగా చూపిస్తూ ఎవరికీ దొరకకుండా ఉండడం చిన్న విషయం కాదు.

ఆరు నెలలకు పర్మనెంట్ అయింది. అమ్మ చర్చిలో కృతజ్ఞత చెప్పించింది. కోపానికి ఇక కారణం లేదు. కానీ ఆ 'మీరు' అలాగే ఉండిపోయింది. ఉన్నట్టుండి నువ్వు అంటే ఇన్నాళ్ళూ అలిగానని ఒప్పుకున్నట్టే. పైగా ఆ పంచదార మాట కూడా ఒప్పుకోవాలి. ఒక క్రిస్మస్‌కి ప్రయత్నించాను. మల్కాజ్‌గిరిలో భోజనాల దగ్గర ఆయన ఎదురుగా కూర్చున్నాడు. గుండె గట్టి చేసుకుని, "బావా, నువ్వు..." అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. అక్క వడ్డిస్తున్న చెయ్యి ఆగింది. "నువ్వుల అరిసెలు ఇంకా ఉన్నాయాండీ?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తన పళ్ళెంలోని అరిసె తీసి నా పళ్ళెంలో వేశాడు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉండవలసింది. ఆయన మీద నాకు ఇప్పటికీ ఉన్న కోపాల్లో అదొకటి.

పోయిన ఏడాది, పాలిటెక్నిక్‌లో లాబ్ పరీక్షలు చూస్తూ కుర్చీలోనే పోయాడు. యాభై ఆరేళ్ళు. మల్కాజ్‌గిరి చర్చిలో సమాధి ఆరాధన అప్పుడు సంఘపెద్ద ఒకాయన లేచి మాట్లాడాడు. బావ ఎంతమంది రేడియోలు బాగుచేశాడో చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ కాలంలో బామ్మర్దులు బావల్ని ఎలా పిలుస్తున్నారో మనం వింటున్నాం. ఈ బాబు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మీరు తప్ప ఇంకో మాట అనలేదు. నాకెలా తెలుసంటారా? ఆయనే చెప్పేవారు. కమిటీ మీటింగుకి వచ్చినప్పుడల్లా చెప్పేవారు. మా బామ్మర్ది నాకిచ్చే గౌరవం ఇంకెవరూ ఇవ్వరండీ అనేవారు."

జనం తలలు ఊపారు. వెనక వరుసలో ఎవరో నా భుజం తట్టారు. నాకు వచ్చిన కోపం చెప్పలేను. నేను అంత కష్టపడి ఇన్నేళ్ళు మోసిన కోపాన్ని ఈయన తీసుకెళ్ళి ఊరంతా గౌరవమని చెప్పుకున్నాడు. తెలియక కాదు. ఆ రోజు ఫోన్లో "మీరేటిరా" అన్న మనిషికి తెలియకపోవడం ఏమిటి? లేచి, అయ్యా, అది గౌరవం కాదు అని చెప్పబోయాను. పక్కన అక్క నా మణికట్టు పట్టుకుంది.

"కూసో," అంది, పెదవులు కదలకుండా. "లేచి ఏమంటవ్?"

కూర్చున్నాను. అందరూ బయటికి వెళ్ళాక బావ ఉన్న పెట్టె పక్కన నిలబడి, కనీసం లోపల్లోపలైనా ఒకసారి నువ్వు అందామని చూశాను. రాలేదు. మీరే వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు. అప్పుడు స్టేషన్ బయట కాగితం జేబులో పెట్టుకుని, చెవికి ఫోన్ ఆనించుకుని, కోపంతో నిలబడిన ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు గుర్తొచ్చి, ఆ చోట నవ్వకూడదని తెలిసీ నవ్వొచ్చింది. పుట్టిందేమో బోయిగూడలో. ఏ సందులోకి వెళ్ళినా తిట్లు ఉచితంగా దొరుకుతాయి. మనిషిని బాధపెట్టడానికి, పాపం, వాడు వెతికి వెతికి ఏరుకున్నది ఆ ఒక్క మాట.